కొలిమి దగ్గరి ట్రాన్సిస్టరు

దీపం మాడిపోతే చీకటి పడుతుంది. పవర్ ట్రాన్సిస్టరు మాడిపోయినప్పుడు మాత్రం చాలాసార్లు దీనికి విపర్యయం జరుగుతుంది. కలెక్టరు, ఎమిటరు లోపల ఏకమైపోయి, అదుపులో ఉండవలసిన మోటారు పూర్తివేగం అందుకుంటుంది. పాఠ్యగ్రంథంలో ఇది ఒక పంక్తి. ఇత్తడి కరిగించే మనిషికి ఊపిరి వ్యవహారం.

మా శ్రీముఖలింగం వంశధార ఒడ్డున ఉంది. మధుకేశ్వరుణ్ణి చూడవచ్చినవారిలో కొందరు పక్క మండలమైన సారవకోటలోని బుడితికి కూడా వెళ్లి చెంబో, గంటో కొనుక్కుంటారు. అక్కడి కంచు, ఇత్తడి పనితనానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పని చేసే పెద్దాయన ఒకరు మా నాన్నగారికి చిరకాల మిత్రులు, నాకు మావయ్య వరస. తిత్తి ఊదే మనిషి దొరకక, కరెంటును నమ్మలేక, 12 వోల్టుల బ్యాటరీతో నడిచే గాలిపంకా పెట్టుకున్నారు. వేసవిలో నేను ఊరికి వెళ్లినప్పుడు, పంకా వేగం తగ్గించే సర్క్యూటును చేతిసంచిలో వేసుకుని మా అరుగు మీదికి వచ్చారు.

“మూడు మార్సినాం బాబూ. నెల తిరక్కుండా మళ్లీ అదే. పంకా ఒక్కపాలి బుర్రుమని లెగుస్తాది, మూసలోంచి తెల్లపొగ. ఆ రాత్రి సలిజొరం.”

ఆ పొగ సంగతి తెలిసినవారికి ఈ మాట భయం కలిగిస్తుంది. ఇత్తడి కరిగే వేడికీ, అందులోని తుత్తునాగం మరిగే 907 డిగ్రీల సెంటీగ్రేడుకూ మధ్య ఎడం బహు స్వల్పం. గాలి హెచ్చితే తుత్తునాగం ఆవిరై, మండి, తెల్లని భస్మంగా లేస్తుంది. దాన్ని పీల్చినవారికి కొన్ని గంటలకు వణుకుతో జ్వరం వస్తుంది. లోహమూ నష్టమే, మనిషీ నష్టమే.

మల్టీమీటరు పెడితే కలెక్టరు, ఎమిటరు మధ్య రెండు వైపులా సున్న. చచ్చినదేదో తేలింది, చంపినదేదో తేలాలి. మెకానిక్కులు తరచుగా మొదటి ప్రశ్నతోనే ఆగిపోతారు.

మర్నాడు బుడితి వెళ్లి కొత్తది బిగించి చూశాను. 555 టైమరు, దాని వెనుక 2ఎన్3055. మోటారు తీసుకునేది 5 ఆంపియర్లు. దానికి బేసులోకి పావు ఆంపియరుకు పైనే అందాలి. 555 ఎంత గింజుకున్నా ఇవ్వగలిగింది 200 మిల్లీ ఆంపియర్లు. అందువల్ల ట్రాన్సిస్టరు పూర్తిగా తెరుచుకోక, తనమీదే 3 వోల్టులు నిలుపుకుంటోంది. అంటే 15 వాట్ల వేడి, అరచేతిలో సగం లేని అల్యూమినియం రేకు మీద. డేటాషీటులో 115 వాట్లని ఉంది కదా అనవచ్చు. అది కేసు 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటి లెక్క. వైశాఖంలో, కొలిమికి మూరెడు దూరంలో 25 డిగ్రీలెక్కడివి? పెళ్లిసంబంధాల్లో చెప్పే జీతం లాంటిదా అంకె.

రెండో దోషి మోటారుకు అడ్డంగా ఉన్న డయోడు. కరెంటు ఆపిన ప్రతిసారీ మోటారు చుట్టలోని శక్తి బయటికి దారి వెదుకుతుంది. ఆ దారి ఈ డయోడే. అక్కడున్నది ఒక్క ఆంపియరు మోసే 1ఎన్4007. అది ఎప్పుడో పగిలిపోయింది. చూడడానికి సలక్షణంగా ఉంది కనుక ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మార్చిన ప్రతి ట్రాన్సిస్టరూ దిక్కులేని వోల్టేజి పోట్లను వంటిమీద కాచుకుంటూ వచ్చింది.

2ఎన్3055 తీసి ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ పెట్టాను. తెరుచుకున్నప్పుడు దాని నిరోధం 17.5 మిల్లీఓములు, 5 ఆంపియర్లకు అరవాటు కూడా వేడి పుట్టదు. పాత కంప్యూటరు పవర్ సప్లయి నుంచి ఊడదీసిన షాట్‌కీ డయోడు మోటారు దగ్గరే బిగించాను. బోర్డును కొలిమికి దూరంగా గోడ అవతలికి మార్చాము.

అయితే మాస్‌ఫెట్ కూడా చచ్చేది అదే తీరున. ఫ్యూజు ఇక్కడ రక్షించదు. పూర్తివేగంలోనూ మోటారు తీసుకునేది దాని మామూలు కరెంటే కనుక ఫ్యూజుకు తేడా తెలియదు. అందుకని బ్యాటరీ తీగలో కాలితో తొక్కితేనే నడిచే స్విచ్చి పెట్టాము. పాదం తీస్తే పంకా ఆగిపోతుంది. గాలిగొట్టానికి ఒక రేకు మూత కూడా ఉండాలన్నాను.

మూత మాత్రం మావయ్యే సాగగొట్టి చేసుకున్నారు, ఇత్తడితో.