గోడ మీది లైసెన్సు, సీసాలోని స్ట్రిప్పు

మిరప కోతలు మొదలయ్యాక మా ఆసుపత్రికి వచ్చే ఆడకూలీల్లో ఎక్కువమంది నోట ఒకటే మాట: "కళ్లు తిరుగుతున్నాయి డాక్టరుగారూ." ఎండ అనుకుంటారు, ఘాటు అనుకుంటారు, పురుగుమందు అనుకుంటారు. చిలకలూరిపేట వైపు నుంచి వచ్చిన ఒకామె మాత్రం "షుగరు మాత్రలేసుకున్నా నీరసం పోవట్లేదండీ" అంది. నలభై దాటిన మనిషి. కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల ముచ్చికలు తీసే పని. ఊళ్లో ఎవరో గ్లూకోమీటరుతో చూసి 212 అన్నారట, గ్లిమెపిరైడ్ మొదలుపెట్టారట. అప్పటినుంచీ మధ్యాహ్నమయ్యేసరికి చెమటలు, వణుకు.

కింది కనురెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టుంది. హిమోగ్లోబిన్ 6. ఎర్రకణాలు బాగా తగ్గితే చాలా గ్లూకోమీటర్లు ఉన్న చక్కెరను ఎక్కువ చేసి చూపిస్తాయి. ఎర్రకణాల శాతం ఎంత ఉంటే ఆ అంకెను నమ్మొచ్చో స్ట్రిప్పుల పెట్టెలోని మడత కాగితంలో రాసే ఉంటుంది. దాన్ని విప్పేవాళ్లు అరుదు. మాత్రలు ఆపించి, కొన్నాళ్లాగి, పరగడుపున నరంలోంచి రక్తం తీయిస్తే 94. ఆమెకున్నది రక్తహీనత. షుగరు కాదు.

ఇంత చిన్న పరీక్షలకు కూడా లైసెన్సులేమిటని తోటి డాక్టర్లు విసుక్కుంటారు. 2002 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం ప్రైవేటు క్లినిక్కైనా ల్యాబైనా రిజిస్టరు కావాలి, అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఒక్క మంచం లేని క్లినిక్కుకూ వర్తిస్తాయి. వాడిన సూదులు చెత్తకుప్పలో తేలకూడదంటే అవి ఉండాల్సిందే. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు, ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన డాక్టరే సంతకం పెట్టాలంది. మంచి మాటే. కానీ మండల కేంద్రాల్లో సంతకం దొరికినంత సులువుగా ఆ డాక్టరు దొరకడు.

నా ఫిర్యాదల్లా ఒక్కటే. ఇన్ని కాగితాలు అడుగుతారు గానీ, స్ట్రిప్పుల సీసా ఎప్పుడు మూత తీశారని ఎవరూ అడగరు. చాలా స్ట్రిప్పులూ కార్డులూ 30 డిగ్రీల లోపు ఉంచాల్సినవి. మే నెలలో మా పల్నాటి రేకుల గదుల్లో అవి ఏమవుతాయో చెప్పాలా?

అమెరికాలో 1988లో తెచ్చిన ల్యాబుల చట్టం ఇలాంటి సులువైన పరీక్షలకు మినహాయింపు సర్టిఫికెట్ ఇస్తుంది. మామూలు తనిఖీలుండవు. తయారీదారు సూచనలు తు.చ. తప్పకుండా పాటించాలన్నదే అసలు షరతు. తనిఖీ లేకుండా ఎందరు పాటిస్తారన్నది వేరే సంగతి గానీ, ఆ షరతు నాకు నచ్చింది. గ్లూకోమీటరు, మూత్రం స్ట్రిప్పు, గర్భ నిర్ధారణ కార్డు మాత్రమే వాడే క్లినిక్కును పెద్ద ల్యాబుతో ఒకే గాటన కట్టొద్దు. ఫీజు తగ్గించి, గదిలో ఒక థర్మామీటరు, కంట్రోల్ ద్రావణం, రోజూ రాసే ఒక నోటుబుక్కు ఉండాలని పట్టుబట్టాలి. టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్షను మాత్రం ఈ జాబితాలోకి రానివ్వొద్దు. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరానికీ అది పాజిటివ్ చూపించొచ్చు. ఆ ఒక్క కాగితం పట్టుకుని వారం రోజులు సెలైన్లు ఎక్కించుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

తనిఖీకి వచ్చే అధికారులకు నా మనవి: గోడ మీది సర్టిఫికెట్ చూశాక స్ట్రిప్పుల సీసా కూడా చూడండి. చదువుతున్న మీకూ ఒక మాట: వేలి చివరి చుక్కలో అంకె ఎంత వచ్చినా, పరగడుపున నరంలోంచి తీసిన రక్తంతో సరిచూసుకోకుండా, ఒంట్లో మరీ బాగోలేకపోతే తప్ప, షుగరు మాత్రలు మొదలుపెట్టకండి.