చుక్క చెప్పిన చోటు

ఈజిప్టు, లిబియా, సూడాన్ కలిసే చోట, సహారా ఎడారిలో, ఉవైనాత్ కొండలున్నాయి. ఎత్తు 1,934 మీటర్లు. అక్కడ కాపురమున్న గోరాన్ జాతివారికి దారి తెలుసు. పటాలు గీసేవారికే తెలియదు.

1923లో ఈజిప్టు దేశస్థుడు అహ్మద్ హసనైన్ ఒంటెల బిడారుతో, ఎండకు జడిసి రాత్రిళ్ళు నడిచి, అక్కడికి చేరాడు. కోణాలు కొలిచే థియొడొలైటుతో ధ్రువనక్షత్రాన్ని చూశాడు. ఆ చుక్క ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తుందో, కాస్త సవరిస్తే, ఆ చోటు అక్షాంశం అంతే. రాజమండ్రిలో 17, ఉవైనాత్‌లో సుమారు 22. ఈ రాత్రి మీరూ మేడెక్కి చూడండి!

ఇంత శ్రమ దేనికంటారా? ‘ఉవైనాత్’ అంటే చిన్న ఊటలు. చుట్టూ ఇసుకే, నీళ్ళు ఆ రాతి సందుల్లోనే. పటంలో ఒక్క డిగ్రీ ఉత్తరానికి జరిగితే 111 కిలోమీటర్లు తేడా. ఆ పటాన్ని నమ్మిన బిడారుకు ఖాళీ తోలుతిత్తులే మిగులుతాయి.