మిల్లు కంప్యూటర్లో రెండో కార్డు

సింధనూరు దగ్గర మా క్యాంపులో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే నాన్నగారి రైసు మిల్లు కంప్యూటరు అటక మీద దొరికింది. పాత ఇనుము కొనే అతను తూకానికి అడిగాడు. ఇచ్చే ముందు మూత విప్పి చూశాం.

లోపల రెండు పెద్ద కార్డులు. మొదటిది సులువుగానే తెలిసింది: వెనక తొమ్మిది రంధ్రాల సాకెట్టు, మీద 6845 అని రాసిన చిప్పు. నలుపు తెలుపు తెరలకు వాడే హెర్క్యులిస్ తరహాది. రెండోది అంతు పట్టలేదు. తమ్ముడు మోడెమ్ అన్నాడు, మేము అదనపు మెమరీ అన్నాం. దుమ్ము తుడిస్తే అక్షరాలు బయటపడ్డాయి: సి-డాక్, పుణె. జిస్ట్ కార్డు!

ఐఐటీ కాన్పూరులో మొదలైన పని అది. డాస్ నడిచే కంప్యూటర్ల తెర మీద మన లిపులు చూపించడానికి సి-డాక్ దాన్ని కార్డుగా తెచ్చింది. 1991లో ప్రమాణమైన ఇస్కీ కోడులో తెలుగు 'క'కీ కన్నడ 'క'కీ ఒకటే అంకె. లిపి మారిస్తే చాలు, అదే పేరు కన్నడలో కనబడుతుంది. అనువాదం కాదండోయ్, అక్షరాలే మారతాయి.

అప్పుడు అర్థమైంది. నాన్నగారికి కన్నడం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. గుమాస్తాకి తెలుగు చదవడం రాదు. పేరు విని రాసుకునే రోజుల్లో వీరభద్రప్ప వడ్ల చీటీ వీరప్పకి వెళ్లి పెద్ద గొడవే అయిందని అమ్మ చెప్పింది. కార్డు వచ్చాక నాన్నగారు తెలుగులో కొడితే గుమాస్తా కన్నడలో చదువుకునేవాడట.

డబ్బా తూకానికి పోయింది. కార్డు అమ్మ బీరువాలో, పొలం కాగితాల పక్కన ఉంది.