గంటకు గంటే జవాబు

మా అబ్బా రైల్వేలో స్టేషన్ మాస్టర్. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా కొత్తగూడెం పోయే లైన్‌లో పనిచేశారు. బొగ్గు కోసం నిజాం జమానాలో పడిన రైలుదారి అది. చివరి స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. రాములవారి గుడి కోసం వచ్చి అక్కడ దిగినవాళ్లకు, గోదావరి ఇంకా నలభై కిలోమీటర్లని తెలిసి మొహాలు వాడిపోయేవి. మేమున్న స్టేషన్ పేరు రాయను. ఒక పక్క పట్టాలు, ఇంకో పక్క తునికి చెట్లు, ఇప్ప చెట్లు.

సింగిల్ లైన్ కాబట్టి పక్క స్టేషన్ ఒప్పుకోకుండా బండి కదలదు. ఆ ఒప్పందమంతా గంటలతో, ఫోన్‌తో. మీట ఒకసారి నొక్కితే అవతలి స్టేషన్‌లో ఒక గంట మోగుతుంది. 'ఫోన్ ఎత్తు' అని. రెండు గంటలు: 'లైన్ క్లియరేనా?' మూడు: 'బండి బయల్దేరింది.' నాలుగు: 'బండి చేరింది.' అయిదైతే రద్దు, ఆరైతే ఖతరా. పదహారు గంటలు ఉత్త పరీక్షకు. ఎన్ని గంటలు వచ్చాయో అన్ని గంటలు తిరిగి కొట్టాలి, అప్పుడే అందినట్టు. మా అబ్బా దాన్ని సలాంతో పోల్చేవారు. సలాం చేసినవాడికి జవాబు ఇవ్వకపోతే గుణా కదా అనేవారు.

అవతలివాళ్లు మీట నొక్కిపట్టి కరెంటు ఇస్తేనే ఇక్కడ మిషన్‌లోంచి టోకెన్ బంతి ఊడివస్తుంది. దాన్ని తోలుసంచిలో పెట్టి, బెత్తం చట్రానికి తగిలించి పాయింట్స్‌మన్ డ్రైవర్‌కు అందించేవాడు. ఫోన్‌లో మాట ఇవ్వాల్సి వస్తే ప్రైవేట్ నంబర్ కూడా ఇవ్వాలి. రెండంకెల నంబర్ల షీట్ ఒకటి ఉండేది. వాడిన నంబర్ కొట్టేయాలి, మళ్లీ వాడకూడదు. "నలభై ఏడు" అని ఊరుకోరు, "నాలుగు, ఏడు" అని విడదీసి చెబుతారు. అవతలాయన అదే తిరిగి చెప్పాలి. దాంతో పక్కనే కంట్రోల్ ఫోన్ ఉండేది. సెక్షన్‌లోని స్టేషన్లన్నీ ఒకే తీగ మీద. సికింద్రాబాద్‌లో కూర్చున్న కంట్రోలర్ మన కోడ్ పంపితే మన గంటే మోగుతుంది గానీ, ఎవరు ఎత్తినా అందరి ఆవాజ్ వినపడుతుంది. మాట్లాడేముందు మన స్టేషన్ పేరు చెప్పుకోవాలి, లేకపోతే ఎవరి గొంతో ఎవరికి తెలుస్తుంది!

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసి ఉంటే బాగుండేది.

1984 ఎండాకాలం. నాకు తొమ్మిదేళ్లు. మగ్రిబ్ వేళ బొగ్గు గూడ్స్ దాటిపోతోంది. అబ్బా ప్లాట్‌ఫాం మీద పచ్చ లాంతరు పట్టుకుని నిలబడ్డారు. రోటీ డబ్బా ఇవ్వడానికొచ్చిన నేను గదిలో ఒక్కడినే. ఒక గంట మోగింది. ఎత్తకూడదని తెలుసు. అయినా ఎత్తాను.

"బాబూ, మీ నానాకు బాగోలేదంట. ఇల్లందు నుంచి కబురు..."

వ్యాగన్ల చప్పుడులో 'నానా' నాకు 'నాన్న' అని వినపడింది. తెలుగువాళ్లంతా అబ్బాను మీ నాన్న అనే అంటారు కదా. కిటికీలోంచి చూస్తే అబ్బా నిక్షేపంగా నిలబడి ఉన్నారు. నవ్వొచ్చింది. "మా అబ్బా బాగానే ఉన్నారు" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, ఎత్తానని తెలిస్తే తంతారని ఖామోష్‌గా ఇంటికొచ్చేశాను.

నానా అంటే అమ్మీ వాళ్ల అబ్బా. మర్నాడు పొద్దుగూకేవేళ మామూ పంపిన మనిషి వచ్చాడు. అప్పటికి అసర్ నమాజ్ అయి, ఇల్లందులో మట్టి ఇచ్చేశారు. అమ్మీకి ఆఖరి దీదార్ దక్కలేదు. "ఒక్క ఖబర్ కూడా పంపలేదే మీరు" అని ఆమె మామూతో చాలా ఏళ్లు సరిగా మాట్లాడలేదు. పంపామని మామూ ఖసమ్ తిన్నా నమ్మలేదు.

నేను అబ్బాతో చెప్పాను, వారం తర్వాత. కొట్టలేదు. మిషన్ ముందు కూర్చోబెట్టి గంటలన్నీ నేర్పారు. "వినగానే నువ్వు అదే తిరిగి చెప్పుంటే ఆయన సరిదిద్దేవాడు బేటా" అన్నారు. ఆమెకు చెప్పమని గానీ, వద్దని గానీ అనలేదు.

అబ్బా పోయారు, మామూ కూడా పోయారు. కిందటి రంజాన్‌లో, తరావీహ్ నుంచి వచ్చాక, అమ్మీ మంచం దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. నలభై ఏళ్లు దాటిన మాట. ఆమె గుస్సా అవలేదు, ఏడవలేదు. కాసేపు తస్బీ పూసలు తిప్పింది.

"ఆ ఫోన్ చేసినాయన ఏమన్నాడో ఫిర్ బోల్" అంది.

చెప్పాను. ఉన్నది ఉన్నట్టు.

"బాగోలేదన్నాడా, పోయారన్నాడా?"

"బాగోలేదనే అన్నాడు అమ్మీ."

"అంటే మగ్రిబ్‌కి ఉన్నారన్నమాట" అంది. ఆ రాత్రి ఇల్లందుకు బండి ఏమైనా ఉండేదా అని అడిగింది. నాకు తెలిసినంత వరకు ఉందనే చెప్పాను.