ఒక్క టిక్కెట్టు

"ఎవరితో వెడుతున్నారు?"

జనవరి నెలాఖరున కేరళ వెడుతున్నానని చెప్పినప్పటినుంచీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక నోరు నొప్పి పుడుతున్నది. ఎందుకు వెడుతున్నారని ఒక్కరూ అడగరు. "ఎవరితోనూ కాదండీ, నేనొక్కదాన్నే" అంటే పక్కింటి పిన్నిగారు నావైపు జాలిగా చూసి, "ధవళేశ్వరం దాటితే మన కోనసీమే వుందికదా, కొబ్బరిచెట్ల కోసం అంత దూరమా అమ్మా?" అన్నారు.

నేను పుట్టిందే కోనసీమలో. కొబ్బరిచెట్లు చూడడానికి రైలెక్కేటంత వెర్రిదాన్ని కాను. అక్కడ కుట్టనాడు అని ఒక సీమ వున్నది. సముద్రమట్టానికి దిగువన వరి పండిస్తారు. పొలంలో మోకాటిలోతు నీళ్లు నిలిస్తే మా నాన్నగారికి రాత్రిళ్లు నిద్ర వుండేది కాదు. ఆ సీమవాళ్లు చుట్టూ గట్టు పోసి, లోపలి నీళ్లన్నీ బయటికి తోడి, అప్పుడు విత్తనం చల్లుతారు. వేసవిలో సముద్రపు ఉప్పునీరు వేంబనాడు సరస్సులోకి ఎగదన్నకుండా తణ్ణీర్ముక్కం దగ్గర తలుపులున్న కట్ట కట్టుకున్నారు. కాలువ పైన, పైరు కింద! నాన్నగారు బతికివుంటే చెప్పినా నమ్మేవారు కాదు. ఆయన వంతు కూడా నేనే చూసి రావాలి.

ముప్ఫయ్యెనిమిదేళ్ల కాపురంలో నేను చేసిన ప్రయాణాలు తక్కువేమీ కావు. తిరుపతి, కాశీ, రామేశ్వరం అన్నీ అయినాయి. కాని టిక్కెట్టు ఎలా వుంటుందో ఎన్నడూ చూడలేదు. అది మావారి చొక్కా జేబులో వుండేది. నా వంతు పులిహోర డబ్బా, మంచినీళ్లు, పిల్లల తలలు లెక్కపెట్టడం. కిటికీ పక్క చోటు పిల్లలది; వాళ్లు పెద్దవాళ్లయ్యాక గాలి ఆడాలని ఆయనది. నాలుగేళ్ల క్రితం ఆయన వెళ్లిపోయాక, అబ్బాయి వచ్చి ఎక్కిస్తే ఎక్కడం, దింపితే దిగడం. పార్సిలు చేసే ప్రయాణమూ అంతేకదా?

ఈసారి లెక్కలన్నీ నేనే వేశాను. జూన్ మొదట్లో ఋతుపవనాలు దేశంలోకి అడుగుపెట్టేదే ఆ తీరాన. అప్పుడు సముద్రం మంచిది కాదు. అక్టోబరు, నవంబరులలో మళ్లీ వానలు. డిసెంబరునుంచి మకరజ్యోతిదాకా అయ్యప్పస్వాములతో బళ్లన్నీ కిటకిట. మనకేమో సంక్రాంతి రద్దీ. అన్నీ తీసివేయగా జనవరి ఆఖరు వారం మిగిలింది. ధన్‌బాద్‌నుంచి వచ్చే బండి రాజమండ్రిలో ఎక్కితే తిన్నగా అలప్పుళలోనే దిగవచ్చు, ఎక్కడా మారనక్కరలేదు.

అక్కడి కెట్టువళ్ళాల గురించి మీరు వినే వుంటారు. మేకులు లేకుండా కొబ్బరితాళ్లతో పలకలు కుట్టి చేసిన పడవలు. ఒకప్పుడు ధాన్యం మోసేవి, ఇప్పుడు యాత్రికుల్ని మోస్తున్నాయి. ఒంటిమనిషికి పడవంతా అద్దెకు తీసుకోవడం దండుగ. ప్రభుత్వంవారి పడవ అలప్పుళనుంచి కొట్టాయానికి పల్లెల మీదుగా వెడుతుంది. బడిపిల్లలూ సంతకు వెళ్లేవాళ్లూ ఎక్కే పడవ. నాకు అదే కావాలి. ఆ తరువాత రెండు రోజులు కొచ్చిలో. చీనావలలు, 1524లో పోయిన వాస్కోడిగామాను మొదట పాతిపెట్టిన చర్చి, మట్టాంచేరి కోటగోడలమీద రామాయణం బొమ్మలు. అంతకుమించి నా మోకాళ్లు ఒప్పుకోవు.

అబ్బాయి హైదరాబాదునుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, వచ్చే సంవత్సరం నేనే శలవు పెట్టి తీసుకువెడతాను."

"వచ్చే సంవత్సరానికి నా మోకాలు కూడా శలవు పెడుతుంది నాయనా" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. వాడి భయం నాకు తెలియనిది కాదు. వాళ్ల నాన్న పోయిన రాత్రి వాడు దూరాన వున్నాడు. ఆ మాట ఇద్దరమూ ఎత్తం. చివరికి, "రోజుకి రెండుసార్లు ఫోన్ చెయ్యాలి" అన్నాడు. ఒకసారి అన్నాను. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి అని తేలింది. రైల్లో ఏదయినా ఇబ్బంది వస్తే 139, బయట అయితే 112 అని నాచేత ఒప్పజెప్పించుకున్నాడు. డాక్టరుగారు రక్తపోటు మాత్రలు రెండు చోట్ల సర్దుకోమన్నారు.

రిజర్వేషను ఇప్పుడు అరవై రోజుల ముందే చెయ్యాలి. పెద్దవాళ్లకిచ్చే రాయితీ 2020లో ఆపారు, మళ్లీ ఇవ్వలేదు. ఆ విషయంలో నాకు కోపం వున్నది. స్టేషనుకు నేనే వెళ్లాను. కాగితంలో ఆరుగురికి గళ్లున్నాయి. మొదటి గడిలో నా పేరు, 63, స్త్రీ అని రాశాను. మిగతా గళ్లు చూస్తుంటే కళ్లు తడి అయినాయి. వెనక వరుసలో వున్నాయన తొందరపడుతున్నాడు. వాటికి అడ్డంగా ఒక్క గీత గీసి ఇచ్చేశాను. కింది బెర్తు దొరికింది. పగలు కిటికీ పక్క చోటు దానిదే.

ఇక మిగిలింది పెట్టె. ఎవరి సాయమూ లేకుండా ఎత్తగలిగినంతే తీసుకువెళ్లాలని నియమం. నిన్న సర్ది, మేడమెట్లు ఎక్కి చూశాను. అయిదో మెట్టు దగ్గర ఆగిపోయాను. పిన్నిగారు చూసి, "ఆ ఆవకాయ సీసా తీసెయ్యమ్మా" అన్నారు. ఆవకాయ వుంచి, పట్టుచీరా దుప్పటీ తీసేశాను. ఇవాళ పైదాకా ఎక్కాను.