ఎవరూ ఎంచుకోని రిసీవర్

2012 సెప్టెంబర్ 5, బుధవారం. అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మామూలుగా గురువారం రాత్రి మొదలవుతుంది. ఆ ఏడు గురువారం అధ్యక్షుడు ఒబామా పార్టీ మహాసభలో ప్రసంగించాల్సి ఉండటంతో తొలి ఆటను ఒకరోజు ముందే పెట్టేశారు. న్యూయార్క్ జెయింట్స్‌ను వాళ్ల సొంత మైదానంలోనే డాలస్ కౌబాయ్స్ 24-17తో ఓడించింది. ఆ రాత్రి అందరి నోటా నానినది డెజ్ బ్రయంట్ పేరు కాదు, మైల్స్ ఆస్టిన్ పేరూ కాదు. కెవిన్ ఓగల్‌ట్రీ అనే మూడో రిసీవర్ 8 బంతులు పట్టాడు, 114 గజాలు సంపాదించాడు, 2 టచ్‌డౌన్లు చేశాడు. తెల్లారేసరికి ఫాంటసీ లీగుల్లో అతని కోసం ఎగబడ్డారు.

సీజన్ ముగిశాక చూస్తే అతని ఖాతాలో ఉన్నవి 32 క్యాచ్‌లు, 436 గజాలు, 4 టచ్‌డౌన్లు. ఏడాది మొత్తం పట్టిన బంతుల్లో నాలుగో వంతు, చేసిన టచ్‌డౌన్లలో సగం ఆ ఒక్క బుధవారం రాత్రివే.

ఎవరూ పట్టించుకోని రిసీవర్ ఒకడు ఉన్నట్టుండి మెరిసినప్పుడు అతన్ని జట్టులోకి తీసుకోవాలా వద్దా అన్నది ఫాంటసీ ఆడేవాళ్లకు ప్రతి మంగళవారం ఎదురయ్యే ప్రశ్న. ఓగల్‌ట్రీ కథ విన్నవాళ్లు వద్దంటారు. కానీ అదే జాగ్రత్తతో 2023లో చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లు ఆ ఏడాది దొరికిన అత్యుత్తమ ఆటగాణ్ని పక్కవాడికి వదిలేశారు. ఈ రెండు సందర్భాలకూ తేడా ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది. అది అదృష్టానికి సంబంధించిన సంగతి కాదు.

ముందు ఆట సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఐపీఎల్ రోజుల్లో ఫోన్లో పదకొండు మందిని ఎంచుకుని ఆడే ఫాంటసీ క్రికెట్ మన దగ్గర చాలామందికి తెలుసు. అందులో విరాట్ కోహ్లీని లక్షమంది ఎంచుకున్నా అడ్డులేదు, మ్యాచ్ అయిపోతే జట్టూ అయిపోతుంది. అమెరికాలో స్నేహితులో, ఆఫీసులో కలిసి పనిచేసేవాళ్లో కట్టుకునే లీగు అలా ఉండదు. సాధారణంగా 10 మందో 12 మందో సీజన్‌కు ముందు ఒకచోట చేరి వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటారు. ఒకరు తీసుకున్న ఆటగాడు ఇంకొకరికి దొరకడు. ఆ జట్టుతోనే డిసెంబర్ చివరిదాకా నెట్టుకురావాలి. గాయపడినవాణ్ని తీసేసి, ఎవరూ ఎంచుకోకుండా మిగిలిపోయినవాళ్లలోంచి ఇంకొకణ్ని తెచ్చుకోవచ్చు. ఆ మిగిలినవాళ్ల కుప్పను వేవర్స్ అంటారు. సోమవారం రాత్రి ఆట అయ్యాక ఒకరి పాట ఒకరికి తెలియకుండా వేలం వేస్తారు, బుధవారం తెల్లవారుజామున ఫలితం వస్తుంది. చాలా లీగుల్లో సీజన్ మొత్తానికి 100 డాలర్ల ఉత్తుత్తి డబ్బు ఇస్తారు. ఒకసారి ఖర్చయితే మళ్లీ రాదు.

ఈ ఆటకు పునాది పడింది 1962లో. ఓక్లాండ్ రైడర్స్ జట్టులో కొంత వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్, తూర్పు తీర పర్యటనలో ఉండగా ఒక హోటల్లో కూర్చుని మరికొందరితో నియమాలు రాసుకున్నాడు. మరుసటి ఏడాది ఎనిమిది జట్లతో తొలి లీగు ఆడారు. ఇప్పుడు డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లు కూడా ఈ లీగుల్లో చేరుతున్నారు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం, సాధన చేసే మైదానం 2016 నుంచీ ఆ ఊళ్లోనే ఉన్నాయి. క్రికెట్ నుంచి వచ్చినవాళ్లకు ఈ ఆట త్వరగానే వంటబడుతుంది, ఎందుకంటే ఇక్కడ కీలకమైన సూత్రం వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. నాన్‌స్ట్రైకర్ ఎండ్‌లో నిలబడ్డ బ్యాటర్ ఎంత గొప్పవాడైనా పరుగులు చేయలేడు, స్ట్రైక్ అతనికి రావాలి.

రిసీవర్‌కు ఆ స్ట్రైక్ పేరే టార్గెట్. క్వార్టర్‌బ్యాక్ ఎన్నిసార్లు అతని వైపు బంతి విసిరాడన్న లెక్క అది. పట్టాడా జారవిడిచాడా అన్నది తర్వాతి మాట.

2023 సెప్టెంబర్ 10న లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు సియాటిల్‌లో సీహాక్స్‌తో ఆడింది. ఈ లెక్క విలువ తెలుసుకోవడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. రామ్స్‌కు రిసీవర్ కూపర్ కప్ అంటే ఎంతో అప్పటికే లోకానికి తెలుసు. 2021లో అతను 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో మూడింటిలోనూ లీగుకే మొదటివాడు, ఆపైన సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడు. ఆగస్టులో తొడ వెనక కండరం పట్టేసి, అది ఎంతకీ తగ్గక, సియాటిల్ ఆటకు ముందురోజు అతన్ని గాయాల జాబితాలో పెట్టారు. ఆ జాబితాలోకి వెళితే కనీసం నాలుగు ఆటలు బయటే. ఇంకో పేరున్న రిసీవర్ ఆలెన్ రాబిన్‌సన్‌ను ఏప్రిల్‌లోనే పిట్స్‌బర్గ్‌కు పంపేశారు. క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫోర్డ్ విసరబోయే బంతులు ఎవరికో ఒకరికి వెళ్లాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్న ప్రశ్నకు జవాబు ఆదివారం సాయంత్రానికి వచ్చింది.

ఇద్దరు చెరో 119 గజాలు సంపాదించారు. ఒకడు టుటు ఆట్‌వెల్, 2021లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో రామ్స్ రెండో రౌండ్‌లో తీసుకున్న వేగమైన ఆటగాడు. రెండోవాడు పుకా నకువా, ఆ ఏడాదే అయిదో రౌండ్‌లో 177వ ఎంపికగా వచ్చిన కుర్రవాడు, యూటాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో ఆడినవాడు. కాలేజీలో గాయాలు వెంటాడాయి, పరుగులో మెరుపు వేగమేమీ లేదు. అందుకే అంత కిందికి జారాడు. ఎక్కువ ఫాంటసీ లీగుల్లో అతని పేరు ఎవరూ పలకలేదు.

గజాలు చూస్తే ఇద్దరూ సమానం. కానీ స్టాఫోర్డ్ ఆట్‌వెల్ వైపు 8 సార్లు విసిరితే నకువా వైపు 15 సార్లు విసిరాడు. ఆట్‌వెల్ 6 పట్టి 119 దాకా వెళ్లాడు, అంటే ఒక్కో క్యాచ్‌కు దాదాపు 20 గజాలు. అలాంటి సగటు ఒక మధ్యాహ్నం నిలుస్తుంది, పదిహేడు ఆటలు నిలవదు. నకువా 10 పట్టి అక్కడికి చేరాడు. మూడో డౌన్‌లో, అంటే మూడో ప్రయత్నంలో, ఆరేడు గజాలు కావాల్సి వచ్చినప్పుడు ఒక అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్ తొలి ఆట ఆడుతున్న కుర్రవాడి వైపు పదేపదే చూస్తున్నాడంటే, వేసవి సాధనలో వాళ్లిద్దరి మధ్య నమ్మకం ఎప్పుడో కుదిరిందన్నమాట. గణాంకాల పట్టికలో ఇంతకంటే స్పష్టంగా కనిపించే సాక్ష్యం ఉండదు.

నకువా ఆ రోజు టచ్‌డౌన్ చేయలేదు. ఇదే చాలామందిని మోసం చేసింది. మామూలు లెక్కలో 10 గజాలకు 1 పాయింటు, టచ్‌డౌన్‌కు 6, చాలా లీగుల్లో పట్టిన ప్రతి బంతికీ 1. ఆ లెక్కన ఓగల్‌ట్రీ తన గొప్ప రాత్రి 31.4 పాయింట్లు తెచ్చాడు, నకువా 21.9 మాత్రమే. పాయింట్ల వరస చూసి పాట పాడేవాళ్లకు ఓగల్‌ట్రీయే మేలనిపిస్తాడు.

మరుసటి వారం శాన్‌ఫ్రాన్సిస్కో మీద స్టాఫోర్డ్ నకువా వైపు 20 సార్లు విసిరాడు. 15 పట్టాడు, ఒక ఆటలో కొత్త ఆటగాడెవరూ అన్ని పట్టలేదు. అప్పటికి వేవర్స్‌లో అతను లేడు. నాలుగో వారం ఇండియానాపోలిస్‌లో అదనపు సమయంలో 22 గజాల టచ్‌డౌన్‌తో ఆట ముగించాడు, అదే అతని మొదటిది. అయిదో వారం కూపర్ కప్ తిరిగొచ్చాడు. ఇక కుర్రవాడి పని అయిపోయిందని అతన్ని వదిలించుకున్నవాళ్లూ ఉన్నారు. కప్ 118 గజాలు చేశాడు, అదే ఆటలో నకువా 7 క్యాచ్‌లు, ఒక టచ్‌డౌన్. సీజన్ చివరికి 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. గజాల్లో 1960 నుంచి బిల్ గ్రోమన్ పేరిట ఉన్న కొత్త ఆటగాడి రికార్డు చెరిగిపోయింది, క్యాచ్‌లలో జేలెన్ వాడిల్ రికార్డూ పోయింది. ఆట్‌వెల్ ఆ ఏడు 39 క్యాచ్‌లు, 483 గజాల దగ్గర ఆగాడు.

మరి ఓగల్‌ట్రీకి ఏమైంది? అతనికి ఆ రాత్రి చోటు ఎలా దొరికిందో చూస్తే తెలుస్తుంది. రిసీవర్లలాగే బంతులు పట్టే కౌబాయ్స్ టైట్ ఎండ్ జేసన్ విట్టెన్‌కు సన్నాహక ఆటలో ప్లీహం చిట్లింది. జెయింట్స్ మీద బరిలోకి దిగాడు గానీ పూర్తిగా కోలుకోలేదు, 2 బంతులే పట్టాడు. తర్వాత కోలుకుని, ఆ సీజన్ మొత్తంలో విట్టెన్ 110 పట్టాడు, అప్పటికి ఏ టైట్ ఎండ్‌కూ లేని సంఖ్య. బ్రయంట్ 92 క్యాచ్‌లు, 1,382 గజాలు, 12 టచ్‌డౌన్లు చేశాడు. ఓగల్‌ట్రీ చేతగానివాడు కాడు, అతని ముందు వరసలో ముగ్గురున్నారు, వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు. సెప్టెంబర్ 6 ఉదయం కూడా ఈ సంగతి ఎవరికైనా కనపడేదే. కావాల్సిందల్లా అతను ఏం చేశాడన్నది పక్కనపెట్టి, అతని చోటు ఎవరిదని అడగడం.

టార్గెట్లు చూసుకుంటే చాలు అనుకునేవాళ్లను మాత్రం ట్రావిస్ ఫుల్గమ్ నిలదీస్తాడు. 2020లో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌లో డిషాన్ జాక్సన్, ఆల్షాన్ జెఫ్రీ, జేలెన్ రేగర్ ముగ్గురూ గాయాలతో కూర్చున్నారు. డెట్రాయిట్ వదిలేసి, గ్రీన్‌బే కూడా వదిలేసిన ఫుల్గమ్‌ను సాధన బృందంలోంచి పైకి తెచ్చారు. పిట్స్‌బర్గ్ మీద 13 టార్గెట్లు, 10 క్యాచ్‌లు, 152 గజాలు. తర్వాత రెండు వారాలూ పదికి తగ్గకుండా అతని వైపు బంతి వెళ్లింది. అయిదు ఆటల్లో 29 క్యాచ్‌లు, 435 గజాలు, 4 టచ్‌డౌన్లు. పరీక్షలన్నీ నెగ్గినట్టే. కానీ ఆటలేని వారం గడిచాక మిగిలిన సీజన్ మొత్తంలో అతను పట్టినవి 9. గాయపడినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. దానికి తోడు క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ పతనమయ్యాడు, 12 ఆటల్లో 15 బంతులు ప్రత్యర్థుల చేతుల్లో పెట్టాడు, 50 సార్లు బంతి విసరకముందే నేలకూలాడు, చివరికి జేలెన్ హర్ట్స్‌కు చోటిచ్చాడు.

అయినా ఫుల్గమ్‌ను తీసుకున్నవాళ్లు పొరపాటు చేయలేదు. ఒక నెల రోజులు అతను వాళ్లను గెలిపించాడు. అందరూ సెలవు వారాలతో, గాయాలతో అల్లాడే అక్టోబర్‌లో నెల రోజులంటే తక్కువ కాదు. నకువాలా ఏళ్లతరబడి నిలిచేవాడే కావాలని పట్టుబడితే వేవర్స్‌లో ఎప్పుడూ ఎవరూ దొరకరు. ధరలో మాత్రం తేడా ఉండాలి. ముందున్నవాళ్లు నవంబర్‌కల్లా వచ్చేస్తారని తెలిసినప్పుడు 100లో 15 పెట్టడం సబబు, 60 పెట్టడం కాదు. సీజన్ మొదటి వారంలో, కూపర్ కప్ నాలుగు ఆటలు ఉండడని ఖాయమై, 15 టార్గెట్లు కళ్లెదుట ఉన్నప్పుడు మాత్రం వెనకాడటానికి కారణం లేదు. ఆ వారం కొన్నవాడు పదహారు ఆటలకు పనికొస్తాడు, డిసెంబర్‌లో కొన్నవాడు మూడింటికి. చాలామంది ఉత్తుత్తి డబ్బును చివరిదాకా దాచి, సీజన్ ముగిశాక సగం మిగుల్చుకుంటారు. దానితో ఏమీ కొనలేరు.

డిసెంబర్‌లో మంచివాళ్లు రారని కాదు. అమాన్-రా సెయింట్ బ్రౌన్ 2021లో నాలుగో రౌండ్‌లో 112వ ఎంపికగా డెట్రాయిట్ లయన్స్‌కు వచ్చాడు. తనకంటే ముందు తీసుకున్న 16 మంది రిసీవర్ల పేర్లూ అతను కంఠతా పట్టాడు. తొలి మూడు నెలల్లో 39 క్యాచ్‌లు, ఒక్క టచ్‌డౌన్ లేదు. నవంబర్ చివరికి, బంతులు కూడా పట్టే రన్నింగ్ బ్యాక్ డీఆండ్రే స్విఫ్ట్ భుజం దెబ్బతింది. డిసెంబర్ 5న మిన్నెసోటా మీద అతను 10 పట్టాడు, ఆఖరి క్షణంలో పట్టింది టచ్‌డౌన్, అంతవరకూ ఒక్క గెలుపూ లేని లయన్స్‌కు అదే మొదటి విజయం. తర్వాత వారం టైట్ ఎండ్ టి.జె. హాకెన్‌సన్ కూడా బొటనవేలి గాయంతో తప్పుకున్నాడు. సెయింట్ బ్రౌన్ చివరి ఆరు ఆటల్లో ఏ ఒక్కదాంట్లోనూ 8కి తక్కువ పట్టలేదు, మొత్తం 51 క్యాచ్‌లు, 560 గజాలు, 5 టచ్‌డౌన్లు.

ఆ శీతాకాలంలో లీగు బరిలో మిగిలి, ఓపిగ్గా పట్టికలు చూసినవాళ్లకు అతను దాదాపు ఉచితంగా దొరికాడు, ఎందుకంటే అప్పటికే ఓడిపోయినవాళ్లు చూడటం మానేశారు. మరుసటి ఆగస్టులో మాత్రం వాదన మొదలైంది. హాకెన్‌సన్, స్విఫ్ట్ తిరిగొచ్చారు కదా, ఇతనూ ఓగల్‌ట్రీ దారిలోనే పోతాడని ఒక పక్షం. ఆరు ఆటలు వరసగా ఒకే తీరున సాగితే అది యాదృచ్ఛికం కాదని ఇంకో పక్షం. 2022 నవంబర్ మొదట్లో లయన్స్ హాకెన్‌సన్‌ను మిన్నెసోటాకు పంపేసింది. సెయింట్ బ్రౌన్ ఆ సీజన్‌ను 106 క్యాచ్‌లు, 1,161 గజాలతో ముగించాడు.