చెప్పిన రోజున వచ్చే మనిషి

విజయవాడలో ఒక బాలల సంరక్షణ గృహానికి ప్రతి ఆదివారం లెక్కలు చెప్పడానికి వెళ్తుంటాను. రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం బంధువుల పెళ్ళి ఉండి వెళ్ళలేదు. కబురూ పంపలేదు. మరుసటి వారం వెళితే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు పుస్తకం తెరవలేదు. "మీరు కూడా ఇక రారేమో అనుకున్నాను సార్" అన్నాడు.

ఆ 'కూడా' అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఈ పిల్లలకు మనం ధైర్యం గురించి ఉపన్యాసాలిస్తాం. కేకు కోయించి, ఫొటో దిగి వెళ్ళిపోతాం. ధైర్యం వాళ్ళకు మనకంటే ఎక్కువే ఉంది. లేనిది, చెప్పిన రోజున వచ్చే మనిషి. తమకు తాముగా ఏదైనా నిర్ణయించుకునే అవకాశం. గంట కొడితే లేచి, గంట కొడితే తినే చోట, కిలో ఉల్లిపాయలైనా కొనకుండానే 18 ఏళ్ళు నిండిపోతాయి.

అలా బయటికి వచ్చినవారికి 21 ఏళ్ళ వరకు తోడ్పాటు ఉండాలని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం గుర్తించింది. కానీ హక్కు ఉందని తెలియాలి, అడగడం అలవాటు కావాలి.

ఇప్పుడు రాలేని వారం ముందే ఫోను చేసి చెబుతాను. నెలకోసారి, అనుమతి తీసుకుని, ఆ కుర్రాణ్ణి రైతుబజారుకు తీసుకెళ్తాను. ఏం కొనాలో వాడిదే నిర్ణయం. మొన్న చిల్లర పది రూపాయలు తక్కువ వచ్చింది. నేను నోరు తెరవకముందే వాడే అడిగి తీసుకున్నాడు.